మాత్ర వేసికొని త్రాగువారిని గూర్చి

మన నేతవారి ఇండ్లలో కండెల బుట్ట లేని మూల ఉండవచ్చును గాని, గ్యాసు మాత్రల అట్ట లేని గూడు కానరాకున్నది. ఏ ఇంటికి పోయినను దీపపు గూటిలోనో, మగ్గము ప్రక్కనో, దువ్వెన, బీడీల కట్ట, వాటి నడుమ సగము చింపిన మాత్రల అట్ట ఒకటి తప్పక కనుపించును. పులి తేన్పులు, ఛాతీలో మంట, భోజనమైన వెంటనే గొంతులోనికి పుల్లని నీరు ఎగదన్నుట, ఇవి మన వృత్తివారికి క్రొత్త కావు. మాత్ర మంచిదే. అక్కరయైనవారు డాక్టరు చెప్పిన తీరున వేసికొన్నచో దానిని గూర్చి ఈ పత్రికలో వ్రాయవలసిన పని యుండదు.

నేను వ్రాయబూనినది వేరొక వాడుకను గూర్చి. సాయంకాలము మగ్గము దిగి, మాత్ర ఒకటి నోట వేసికొని, ఆపైన మద్యపు దుకాణమునకు నడచువారు మా సేలం ప్రాంతములో నానాటికి ఎక్కువగుచున్నారు. ఏమయ్యా ఇది అని అడిగినచో, "మాత్ర వేసుకొనే కదన్నా తాగుతుండేది, ఇంకేమి భయం?" అని జవాబు. అనగా వానకు గొడుగు ఎట్లో మద్యమునకు మాత్ర అట్లని వారి నమ్మకము. ఈ నమ్మకము తప్పు. ఇది తప్పని తెలియక మన పనివాండ్రు కొందరు తమ ఒడలిని గుల్ల చేసికొనుచున్నారు. మా రాష్ట్రములో ఆ దుకాణమును టాస్మాక్ అందురు. షోలాపురములో, బరంపురములో, దొడ్డబళ్ళాపురములో, యానాములో దాని పేరు వేరు కావచ్చును. సీసాలోని సరుకు ఒకటే, గూటిలోని మాత్రయు ఒకటే. కావున ఈ నాలుగు మాటలు అన్ని ఊళ్ళ సోదరులకును చెందును.

మొదట మాత్ర చేయు పని యెట్టిదో చూతము. అన్నము అరుగుటకు కడుపు తానే ఘాటైన ఆమ్లమును ఊరించుకొనును. ఆ ఆమ్లము తన్ను తినకుండ కడుపు లోపలి గోడకు జిగురు పూత ఒకటి గలదు. గొంతునుండి కడుపులోనికి దిగు అన్ననాళమునకు అట్టి పూత లేదు. ఆ రెండును కలియు చోట కండరపు ఉంగరము ఒకటి తలుపువలె బిగిసియుండి, మ్రింగినప్పుడు మాత్రమే తెరచుకొనును. ఆ తలుపు వదులైనచో ఆమ్లము పైకి ఎగదన్ని మంట పుట్టించును. మనము గ్యాసు, గ్యాసు అని పిలుచు వానిలో పెక్కు గ్యాసు కానే కావు, ఇదియే.

1976లో సిమెటిడిన్, 1981లో రానిటిడిన్, 1988లో ఒమెప్రజోల్ అను మందులు వరుసగా అంగడికి వచ్చినవి. ఇప్పుడు మనవారు ఎక్కువగా వాడు పాంటొప్రజోల్, రాబెప్రజోల్ అనునవి ఒమెప్రజోల్ జాతివే. కడుపు గోడలో ఆమ్లమును తోడిపోయు సన్నని పంపులుండును. ఈ మాత్రలు ఆ పంపులను మూసివేయును. అంతే. పైనున్న తలుపును బిగించు శక్తి వీటికి లేదు. ఈ ఒక్క సంగతిని పాఠకులు మనసున నిలుపుకొనవలెనని కోరుచున్నాను. మాత్ర వేసికొన్నను తలుపు వదులుగా ఉన్నంతకాలము కడుపులోనిది పైకి వచ్చుచునే యుండును. పులుపు తగ్గినందున మంట తెలియదు, అంతమాత్రమే.

మద్యము మొట్టమొదట చేయు పని ఆ తలుపును వదులు చేయుట. అన్ననాళము తనలో పడినదానిని క్రిందికి నెట్టుకొను కదలికను గూడ మందగింపజేయును. బీరు, కల్లువంటి పులియబెట్టినవి ఆమ్లము ఊరుటను హెచ్చించును. బ్రాందీ, విస్కీవంటి ఘాటు సరుకు ఆమ్లమును అంతగా పెంచదు గాని కడుపు గోడ పూతనే చెరుపును. నీళ్ళు కలుపక గొంతులో పోసికొనువారికి ఆ చెరుపు మరింత. కల్లు మన పెద్దలు త్రాగినదే, చెట్టు సరుకే, దానివలన కడుపు చల్లబడునని వాదించు ముసలివారు నాకు తెలియును. వారితో నేను వాదమునకు దిగను. పులిసిన కల్లు ఛాతీ మంట గలవానికి మేలు చేయదని మాత్రము చెప్పి ఊరకుందును.

ఇక లెక్క చూడుడు. మన దేశములో అమ్ము బ్రాందీలో మద్యసారము నూటికి 42.8 పాళ్ళు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో శుద్ధమైన మద్యసారము సుమారు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఒక పానపు కొలతగా తీసికొనునది 10 గ్రాములు. క్వార్టరే కదా అని మనవాడు చులకనగా చెప్పునది ఆ కొలతలో ఆరు. దానికి నంజుడుగా నూనె కారు వేపుడు, మిరపపొడి. రాత్రి పది గంటలకు ఇంటికి వచ్చి మరల అన్నము, అది మింగిన వెంటనే చాపమీద వెల్లకిల. ఇన్నిటికి ఎదురు నిలిచి, ఒక 40 మిల్లీగ్రాముల మాత్ర తన్ను కాపాడునని ఆశ.

ఆ మాత్రనైన సమయము తప్పక వేసికొనుచున్నారా అన్నచో అదియు లేదు. ఈ జాతి మాత్రలు అప్పుడు పని చేయుచున్న పంపులను మాత్రమే పట్టుకొనును. భోజనమునకు అరగంట మొదలు గంట ముందుగా వేసికొన్నచో, అన్నము తగిలి పంపులు మేల్కొను వేళకు మందు నెత్తుటిలో సిద్ధముగా నుండును. అందుకే డాక్టర్లు ఉదయము పరగడుపున వేసికొమ్మందురు. పూర్తి గుణము కానవచ్చుటకు మూడు నాలుగు దినములు పట్టును. దుకాణపు మెట్లెక్కుచు నోట వేసికొన్న మాత్ర ఆ సాయంకాలమునకు చేయునది స్వల్పము. త్రాగి వచ్చి నడిరేయి మంట పుట్టినప్పుడు మ్రింగినది అంతకంటె స్వల్పము.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలెను. మాత్రయు మద్యమును కడుపులో కలిసి విషమగునని, నురుగు కక్కి చత్తురని కొందరు ఇల్లాండ్రు భర్తలను బెదరించుచున్నారు. పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ విషయమున అది నిజము కాదు. ఆ మందునకు మద్యముతో నేరుగా వైరమేమియు లేదని వైద్యులే చెప్పుదురు. లేనిపోని భయము పెట్టినచో ఏమగును? వాడు ఒకనాడు రెండును కలిపి వేసికొనును, ఏమియు కాదు, మరునాటినుండి మనము చెప్పు నిజమైన మాటను గూడ నమ్మడు. మేలుకోరి చెప్పు అబద్ధమునకు ఈ నష్టమున్నది.

నిజమైన అపాయము మరొక చోట నున్నది. పడుగులో పోగు తెగినప్పుడు మనము మగ్గము నిలిపి ముడివేయుదుము. తెగినది కానరాకుండ చేసికొని నేయుచు పోయినచో బారెడు పొడవున బట్టలో సందు పడును, తరువాత ఎంత ఏడ్చినను ఆ బట్ట మరల రాదు. ఛాతీలోని మంట అట్టి తెగిన పోగు. మాత్ర వేసి మంటను తెలియకుండ చేసికొని, ఆ మంటకు మూలమైన త్రాగుడును రోజూ సాగించుట తెగిన పోగును చూడక నేయుటయే.

మా వైపు ఒక సభ్యుని సంగతి చెప్పెదను. వయస్సు 48. చేతి పనిలో అతనికి సాటివచ్చువారు మా సంఘములో నలుగురైదుగురు మాత్రమే. నడుము నొప్పికి మందుల దుకాణములో అడిగి కొనుక్కొన్న డైక్లోఫెనాక్ బిళ్ళ ప్రతి ఉదయము, రాత్రికి క్వార్టరు, త్రాగిన దినములలో మాత్రమే గ్యాసు మాత్ర, ఇట్లు రెండేండ్లు గడిపెను. నొప్పి బిళ్ళలు కడుపులో పుండు చేయునని, మద్యము తోడైనచో నెత్తురు కారు అపాయము హెచ్చునని అతనికి చెప్పినవారు లేరు. నిజమునకు నొప్పి బిళ్ళలు తప్పనివారికి డాక్టర్లు ఇదే గ్యాసు మాత్రను తోడుగా ఇచ్చుట కలదు. అది రోజూ, ఉదయముననే, త్రాగుడు లేకుండ. ఇతడు చేసినది అది కాదు. మలము తారువలె నల్లగా వచ్చుచుండినను పది దినములు ఎవరికిని చెప్పలేదు. కడుపులో పెద్ద నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకొనెను. ఒకనాటి మధ్యాహ్నము మగ్గపు గుంటనుండి లేవబోయి కండ్లు తిరిగి పడిపోయెను. ఆసుపత్రిలో మూడు సీసాల నెత్తురు ఎక్కించి, గొంతులోనుండి గొట్టము వేసి చూచి, పుండు నెత్తురు కక్కుచున్నదని చెప్పిరి. మనిషి దక్కెను. మగ్గముమీద సగము నేసిన పట్టు పంచె రెండు నెలలు అట్లే యుండెను. భార్య కండెలు చుట్టుట మానివేసి ఆసుపత్రి చుట్టు తిరిగెను. సంఘము ఇచ్చిన పట్టునూలు దుమ్ము పట్టెను. ఇద్దరి కూలియు ఆగినప్పుడు ఆ ఇంట పొయ్యి యెట్లు వెలిగెనో ప్రక్క ఇంటివారికి తెలియును.

ఇంతకంటె భయపడవలసినది గుండె సంగతి. గుండెపోటు అన్నివేళల ఎడమ ఛాతీని పొడిచినట్లు రాదు. ఛాతీ నడుమ బరువు, మంట, తేన్పులు, వికారము, ఇట్లు గ్యాసు వేషమున వచ్చుట మెండు. త్రాగిన రాత్రి అట్టిది వచ్చినచో ఇంటిల్లపాదియు "తాగినాడు గదా, గ్యాసే" అని ఇంకొక మాత్ర, ఒక గ్లాసు సోడా ఇచ్చి పండుకొనబెట్టుదురు. గుండె కండరము చచ్చిపోవుటకు ఆ కొన్ని గంటలు చాలును. చెమటలు పట్టుచున్నను, నొప్పి దవడకో భుజమునకో చేతికో ప్రాకుచున్నను, ఊపిరి ఆడకున్నను, మాత్రకొరకు గూడు వెదకరాదు. 108కి ఫోను చేయవలెను. మరునాడు అది గ్యాసే యని తేలినచో ఎవరికిని నష్టము లేదు.

గ్యాసు మాత్ర యనునది ఒకటే రకము కాదని గూడ మనవారు ఎరుగవలెను. అట్టమీది పేరు చివర డి యను అక్షరమున్నచో సాధారణముగా అందులో డోంపెరిడోన్ అను రెండవ మందు కలిసియుండును. గుండె కొట్టుకొను లయకు దానివలన అరుదుగా చెరుపు కలుగునని తేలి, 2014లో ఐరోపాలోని మందుల అధికారులు దానిని వికారము, వాంతులకు మాత్రమే, అదియు సాధారణముగా వారమునకు మించక వాడవలెనని కట్టడి చేసిరి. మనవారు నెలల తరబడి మ్రింగుచున్నారు. మరికొన్నిటిలో లెవోసల్పిరైడ్ కలిసియుండును. అది మత్తు తెచ్చును, మద్యము తగిలినచో మత్తు ఇబ్బడియగును. ఆ స్థితిలో రాత్రివేళ మోటారు సైకిలు నెక్కి ఇంటికి పోవుట యెట్టిదో చెప్పనక్కరలేదు. పాతకాలపు రానిటిడిన్ వేరు జాతిది. మద్యములో కొంత భాగమును కడుపే విరిచివేయుటకు సాయపడు పదార్థమును అది కొంచెము అడ్డగించునని, అందుచే త్రాగినది కాస్త ఎక్కువగా నెత్తురున కెక్కునని 1990 ప్రాంతపు పరిశోధనలలో చూచిరి. ఆ తేడా స్వల్పమేయని తరువాతి వారు చెప్పిరి. ఆ మందులో కేన్సరు కారకమని అనుమానింపబడు పదార్థము ఏర్పడుచున్నదని 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల శాఖ దానిని అంగడినుండి తీసివేయుమనెను. 2022లో మన దేశపు అత్యవసర మందుల పట్టికనుండియు తొలగించిరి. మన దుకాణములలో ఇంకను దొరకుచున్నది.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది పుండు మందుల పొట్లమును గూర్చి. కడుపు పుండ్లకు కారము, దిగులు మాత్రమే కారణమని చెప్పుకొను కాలము పోయినది. పెక్కు పుండ్లకు ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ జీవిని చంపుటకు గ్యాసు మాత్రతోబాటు రెండు మూడు రకముల ఘాటు మందులు కలిపి ఇచ్చెదరు. వానిలో మెట్రోనిడజోల్ గాని టినిడజోల్ గాని యున్నచో మద్యమునకు గట్టి నిషేధము. ముఖము ఎర్రబారుట, గుండెదడ, తలపోటు, ఆగని వాంతులు కలుగవచ్చునని మందుతో వచ్చు కాగితముమీదనే వ్రాసియుండును. మందు ముగిసిన తరువాతను మూడు దినములు ముట్టరాదు. ఇల్లాండ్రు బెదరింపదలచినచో ఈ మందును చూపి బెదరింపవచ్చును, ఇది అబద్ధము కాదు.

ఏండ్ల తరబడి గ్యాసు మాత్ర వాడువారిలో కొందరికి బి12 అను విటమిను, మెగ్నీషియము అను లవణము తగ్గునని, ఎముకల బలము కొంత సన్నగిలునని వైద్యులు కనుగొనిరి. ఎక్కువ త్రాగుడు దోచునవియు ఇంచుమించు ఇవియే. బి12 తగ్గినచో అరికాళ్ళు తిమ్మిరెక్కును, స్పర్శ మందగించును. తొక్కుడు కర్ర ఏదో కాలికి తెలియని నేతగాడు ఏమి నేయగలడు? వయస్సు మీదపడినది అని సరిపుచ్చుకొనువారిలో ఎందరికి ఈ కారణమున్నదో ఒక్క నెత్తురు పరీక్షతో తేలును.

ఇంత చెప్పినందున, ఛాతీ మంట గలవారందరు త్రాగుబోతులని ఎవరును తలచరాదు. మా వీధిలో జన్మలో మద్యపు వాసన ఎరుగని అవ్వ ఒకతె రోజూ ఈ మంటతో బాధపడుచున్నది. మందు తేబోయిన ఆమె మనుమని దుకాణములో ఎవరో వెక్కిరించినారని ఆమె నాతో చెప్పి కంటనీరు పెట్టుకొనెను. మన పనియే అట్టిది. గుంట మగ్గములో కూర్చుండి నేసిన బట్ట చుట్టు దోనెకు పొట్ట ఆనించి ముందుకు వంగి పనిచేయుదుము. తిన్న వెంటనే అట్లు వంగినచో పొట్ట నొక్కుకొని లోనిది పైకి తన్నును. పైగా పొగాకు నములుట, అది కూడ ఆ తలుపును వదులు చేయునదే. గంటకొక టీ. పడుగు ముగించు తొందరలో మధ్యాహ్నపు అన్నము నాలుగు గంటలకు. భోజనమైన తరువాత కొంతసేపు నిటారుగా తిరిగి, ఆపైన మగ్గమున దిగుట, రాత్రి భోజనమునకు నిద్రకు నడుమ మూడు గంటల ఎడముంచుట, మంచము తలవైపు కోళ్ళ క్రింద జానెడు ఎత్తు ఇటుకలు పెట్టుట, ఇవి కాసు ఖర్చు లేని మందులు. త్రాగనివారికి వీటితోనే సగము బాధ తగ్గుట చూచితిని. త్రాగువారు ఇవన్నియు చేసి త్రాగుడు మానకున్నచో గుణము కనబడుట అరుదు.

ఈ సంగతి మా కార్యవర్గములో ప్రస్తావింపగా ఒకరు, "ఎవరి కడుపు వారిది, సంఘానికేమి పని?" అనిరి. పెద్దవారు, వారి మాటను త్రోసివేయను. సాయంకాలము మనిషి ఏమి చేయునో వెంటబడి చూచుట సంఘమునకు తగిన పని కాదు. కాని సంఘపు నూలు ఎవరి మగ్గముమీద నిలిచిపోయినది? వైద్య సహాయ నిధినుండి ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఎవరి పిల్లవాడు చదువు మాని పవర్లూము కార్ఖానాకు పోయెను? ఆ పద్దులన్నియు నా చేతిమీదుగా వ్రాసినవే. కడుపు వానిదే కావచ్చును గాని దాని లెక్క సంఘపు పుస్తకమున కెక్కుచున్నది.

మరొకరు, ప్రభుత్వమే దుకాణములు మూయవలెననిరి. దేశములో మద్యనిషేధపు చరిత్రలో మా సేలమునకు స్థానము గలదు. 1937 అక్టోబరు 1వ తేదీన చక్రవర్తి రాజగోపాలాచారిగారు మద్రాసు రాజధాని ప్రధానిగా నుండి మొట్టమొదట నిషేధము అమలు జరిపినది ఈ జిల్లాలోనే. 1971లో దానిని సడలించిరి, మరల విధించిరి, మరల ఎత్తివేసిరి. 2003నుండి చిల్లర అమ్మకమును గూడ టాస్మాక్ ద్వారా ప్రభుత్వమే జరుపుచున్నది. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో కల్తీసారా త్రాగి 60 మందికి పైగా చనిపోయినప్పుడు పత్రికలన్నియు దానిని గూర్చియే వ్రాసినవి. అనుమతి గల సీసా పదేండ్లలో మెల్లగా తీయు ప్రాణమును గూర్చి ఏ పత్రికయు వ్రాయదు. నిషేధము రావలెనా వద్దా యనుట పెద్దలు తేల్చుకొనవలసిన సంగతి. అది తేలువరకు మన మగ్గముల గూళ్ళలోని అట్టలను మనమే చూచుకొనవలసియున్నది.

నా సూచన ఇది. మా సంఘములో గ్యాసు మాత్రల చీటీ తెచ్చినచో ఇంతవరకు వైద్య సహాయ నిధినుండి సొమ్ము ఇచ్చుచున్నాము. ఇకమీదట రెండు వారములు మించిన వాడకమునకు డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరాదు. ఈ గడువు నా ఊహ కాదు. అమెరికాలో చీటీ లేకుండ అమ్ము ఒమెప్రజోల్ అట్టమీదనే 14 దినములకు మించి వాడరాదని, నాలుగు నెలలకొకసారికంటె తరచుగా వాడరాదని అచ్చు వేసియుందురు. బీదవాని నోటికాడి మాత్ర లాగుకొనుచున్నారని నామీద అప్పుడే అపవాదు పుట్టినది. ప్రభుత్వపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపుకొనుటకు రూపాయి ఖర్చు లేదు. పోయేది సగము దినపు కూలి. ఆ సగము కూలిని సంఘమే ఇచ్చునట్లు తీర్మానము చేయుదము. గొట్టము వేసి చూచు పరీక్ష అవసరమని డాక్టరు వ్రాసినచో అందులో సగము ఖర్చును నిధి భరింపవలెను. మ్రింగుట కష్టమగుచున్నవారు, కారణము లేక చిక్కిపోవుచున్నవారు, నల్లని మలము గాని నెత్తురు వాంతి గాని చూచినవారు చీటీకొరకు ఆగనక్కరలేదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవలెను.

ఆరోగ్య శిబిరములలో అడుగు ప్రశ్నను గూడ మార్చవలెను. "నీవు త్రాగుదువా?" అని పదిమందిలో అడిగినచో లేదనియే చెప్పును, ఎవడైనను అంతే. "గ్యాసు మాత్ర ఎన్నాళ్ళనుండి వాడుచున్నావు, రోజుకు ఏ వేళ వేసికొనుచున్నావు?" అని అడిగినచో నిజము దానంతటదే బయటపడును. ఉదయము పరగడుపున అన్నవాడు జబ్బు మనిషి. సాయంకాలము ఆరు గంటలకు అన్నవానిని డాక్టరు ప్రక్కకు పిలిచి మెల్లగా మాటలాడవలెను.

మానదలచినవారికి ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి రోజూ ఎక్కువగా త్రాగువాడు ఇంటివారి ఒట్టుకు లోబడి ఒక్కనాడే నిలిపివేసినచో చేతులు వణకుట, నిద్ర పట్టకుండుట, ఫిట్సు, మతి చలించుట కలుగవచ్చును. ప్రాణాపాయము గూడ కలదు. మా వైపు చౌడేశ్వరీ అమ్మవారి పండుగకు మాల వేసికొని ఒక్కమారు మానువారు ఉన్నారు, వారి భక్తిని కాదనను, కాని మాలకు ముందు డాక్టరు దర్శనము గూడ చేసికొనవలెను. త్రాగుడు మానిపించు ఆసుపత్రుల వివరములకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను 14446. అట్లే నెలల తరబడి వాడిన గ్యాసు మాత్రను ఒక్కసారిగా మానినచో అణగియున్న ఆమ్లము కొన్ని వారములు మునుపటికంటె ఎక్కువగా ఊరును. అప్పుడు మంట హెచ్చి, మాత్ర లేనిదే బ్రతుకలేనని భ్రమ కలుగును. డాక్టరు చెప్పిన ప్రకారము మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను.

ఈ నియమమును దీపావళి బోనసు పంచుటకు ముందు జరుగు సర్వసభ్య సమావేశములో మా సంఘము చర్చకు తీసికొనుచున్నది. వ్యతిరేకించువారును వచ్చి తమ మాట చెప్పవలెనని వ్యక్తిగతముగా ఆహ్వానించితిని. ఇతర ఊళ్ళలోని మన సంఘములు వైద్య సహాయ నిధినుండి మందుల సొమ్ము ఏ నియమముపై ఇచ్చుచున్నవో, సగము దినపు కూలి ఇచ్చు ఏర్పాటు ఎచ్చటనైన ఇదివరకే యున్నదో, ఉన్నచో ఏడాదికి ఎంత ఖర్చగుచున్నదో ఆయా కార్యదర్శులు ఈ పత్రికకు వ్రాసినయెడల సమావేశమునకు ముందే మా సభ్యులకు చదివి వినిపింతును.